మైకుసెట్ల సంఘం మా అక్క పెళ్లిలో పుట్టింది

మా మైదుకూరు మైకుసెట్లవాళ్ల సంఘం సంగీతసేవ కోసం పుట్టిందని ప్రతి సభలోనూ ఎవరో ఒకరు దండ వేయించుకుని మరీ చెబుతారు. ఒట్టిమాట. అది మా అక్క పెళ్లిలో, భోజనాల పంక్తిలో పుట్టింది. అక్కడ వడ్డించినదాన్ని, నాకు తెలియదా?

ఆ రోజు మా వీధిలో రెండు పెళ్లిళ్లు. మా ఇంటికి మా మేనమామ సెట్టు, ఎదురింటికి ఆయనకు పోటీగా ఉన్నవాడి సెట్టు. హారన్లు ఎదురెదురుగా కట్టారు. పొద్దున్నుంచీ ఒక ఇంటి పాట ఇంకో ఇంట్లో మోగుతోంది. పురోహితుడి నోటి ముందు మైకు పెట్టడం అప్పుడే వచ్చిన సోకు. మామ పాట ఆపి గ్రామఫోను ముల్లు మార్చడానికి తల వంచాడో లేదో, ఎదురింటి హారన్ "గట్టిమేళం!" అని అరిచింది. మా మేళగాళ్లు వాయించేశారు. మేం అక్షింతలు చల్లేశాం. బావ తాళి కట్టేశాడు. మా ముహూర్తానికి ఇంకా పావుగంట ఉంది. మా పెళ్లి చేయించే అయ్యవారు ఇంకా వంశాల పేర్ల దగ్గరే ఉన్నారు!

బావ పెదనాన్న లేచాడు. "ఇదేం పెండ్లప్పా? ఇప్పేసి మళ్లా కట్టు. లేదంటే మావాళ్లందర్నీ బండ్లెక్కిస్తా."

"మూడు ముళ్లూ బిగించినా పెదనాయనా. ఇప్పేది లేదు," అన్నాడు బావ.

తల దించుకున్న అక్క భుజాలు ఊగిపోతున్నాయి. ఏడుస్తోందని అమ్మ హడలిపోయింది. ఏడుపా, నవ్వు!

అందరూ అయ్యవారి వైపు చూశారు. "తాళి ముందు పోయింది. మంత్రం ఎనకనే వస్తాండాది. కూసోండప్పా," అని ఆయన ఆపినచోటే అందుకున్నారు. పెదనాన్న కూర్చున్నాడు. పెళ్లి గట్టెక్కింది.

సెట్లవాళ్లిద్దరూ మాత్రం వీధిలో తిట్టుకుని, ఆకలేసి, ఒకే పంక్తిలో కూర్చున్నారు.

"నీ హారన్ మా ఇంటి మీదికి ఎందుకు తిప్పినావు?" అన్నాడు మామ.

"నీది యాడికి తిరిగిండాది, ఆకాశానికా?" అన్నాడు అవతలాయన.

మజ్జిగ వచ్చేసరికి రాజీ కుదిరింది: ఒక ఇంట ముహూర్తమైతే పక్క హారన్లన్నీ నోరు మూయాలి. సంఘం మొదటి నియమంగా శుభలేఖ వెనక దాన్ని రాసింది నేనే. నా కాలేజీ చదువు దేనికైనా పనికొచ్చిందంటే దానికే.

కర్నూలు రాజధాని అయ్యేసరికి ఊళ్లో సెట్లు పెరిగాయి. ఒంటిమిట్ట తిరునాళ్లకు ఎవరు వెళ్లాలో సంఘమే వంతులు వేసేది. తర్వాత పోలీసులు రాత్రిపూట హారన్లు ఆపమంటే, నోళ్లు మూయించడానికి పుట్టిన ఆ సంఘమే ఇంకో గంట అరవనివ్వండని కర్నూలుకు అర్జీ మోసింది. అదీ నేనే రాశాను, సిగ్గు లేకుండా.

ఇదంతా చెబితే బావ పగలబడి నవ్వుతాడు. ఒక్కటి అడిగితే మాత్రం అక్క వైపు చూసి మాట మారుస్తాడు. అయ్యవారు మూరెడు దూరంలో కూర్చుని నింపాదిగా పేర్లు చదువుతున్నారు కదా, ఆ కేక ఎదురింటిదని బావకు నిజంగానే తెలియదా?