గ్లాండు చుట్టూ బొటనగోరు

ఎచ్చెర్ల దాటాక ఉన్న ఒక మందుల కంపెనీలో ఆయన ఎలక్ట్రీషియన్. వైరు కరెంటు పెట్టెలోకి దూరేచోట బిగించే ఇత్తడి గ్లాండు కనిపిస్తే చాలు, దాని చుట్టూ బొటనగోరు తిప్పి సందు వెతికేవాడు.

స్పిరిటు డ్రమ్ములుండే గదికని వాళ్ల పర్చేజు ఆఫీసరు నా షాపులో మంటను బయటికి రానివ్వని ఖరీదైన పెట్టెలు కొన్నాడు. గ్లాండులు మాత్రం మామూలువి చాలన్నాడు. అంగట్లో పెరిగినవాణ్ణి కదా, పెట్టెల మీద రూపాయి కూడా తగ్గించాల్సి రాలేదని మురిసిపోయి, అవీ ఇచ్చేశాను.

మర్నాడు ఆ ఎలక్ట్రీషియన్ గ్లాండుల సంచీతో వచ్చాడు.

"ఇవి నాను బిగించను బావూ."

"పెట్టె గట్టిదే కదా మావా?"

"పెట్టె గట్టిదే. లోపల రవ్వ రేగితే, మంట ఈ సందులోంచి బయటికొస్తాది. గదంతా స్పిరిటు ఆవిరే. నువ్వొచ్చి నిల్సుంటావేటి అక్కడ?"

అమ్మిన సరుకు మారుమాట లేకుండా వెనక్కి తీసుకోవడం మా ఇంటావంటా లేదు. ఆరోజు తీసుకున్నాను. ఆఫీసరు పక్క షాపులో అవే కొని, వేరేవాడితో బిగించాడు. మాట వినలేదని ఆయన్ని పనిలోంచి తీసేశాడు.

ఆ గేటు ముందు నుంచి వెళ్లినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. లోపలికెళ్లే ప్రతి కూలీ జేబూ తడిమి అగ్గిపెట్టె లాక్కుంటుంటారు. భద్రత కోసమట.