ఆ ఉరుముకు మేము కొట్టిన చప్పట్లు

ఈరోజు హిందూపురంలో మా అమ్మాయి డిక్షనరీ చూస్తూ అడిగింది. "అమ్మా, క్లాప్ అంటే చప్పట్లనీ ఉండాది, భుజం తట్టడమనీ ఉండాది, పెద్ద ఉరుమనీ ఉండాది. అన్నిటికీ ఒకటే మాటేంది?"

డిక్షనరీ మూసి పక్కన పెట్టాను.

నల్లమాడ దగ్గర మా ఊరు. చిన్నప్పుడు విత్తనానికి చెనక్కాయలు వలిచేవాళ్లం. బొటనవేళ్లు మండేవి, ఇల్లంతా పొట్టు వాసన. ఆ యేడు కాయలు వలిచి పెట్టుకుని వాన కోసం ఎదురుచూస్తున్నాం. మధ్యాహ్నం మా సుజాతక్క, చేన్లో కంపలు కొడుతున్న నాయనకు సంగటి తీసుకుని పోయింది.

కాసేపటికి ఇల్లు అదిరేలా ఉరిమింది. "వానొచ్చె! వానొచ్చె!" అంటూ నేనూ తమ్ముడూ వసారాలో ఎగిరెగిరి చప్పట్లు కొట్టాం. అవ్వ కూడా నవ్వుతూ కొట్టింది.

నాయన వానలో తడుస్తూ అక్కను చేతుల మీద ఎత్తుకొచ్చాడు.

"చెట్టు కింద నిలబడిందమ్మా. పిడుగు పడె. పిలిస్తే పలకల్యా" అన్నాడు అవ్వతో.

చుట్టుపక్కలవాళ్లు వచ్చి చూసి, ప్రాణం లేదన్నారు. అవ్వ వినలేదు.

"పాప ఒళ్లు చల్లగుండాది. కంబళి తీసుకరాపో" అంది నాతో.

పరుగెత్తి తెచ్చాను. అక్కకు మెడదాకా కప్పి, అరికాళ్లు రుద్దుతూ కూర్చుంది అవ్వ. చీకటి పడేదాకా అవ్వను అక్కడినుంచి ఎవరూ లేపలేకపోయారు.

ఆ వానకు ఊరంతా విత్తుకున్నారు. మా చేను మాత్రం బీడుగానే ఉండిపోయింది.