ఏసోబు మాస్టారి అయిదు గెడలు

ఏసోబు మాస్టారికి ఒకటే జబ్బు, తాను లెక్కచూడని అంకెను నమ్మరు. కొల్లేటి ఒడ్డున మిషను బడిలో లెక్కలు చెప్పేవారు. పెళ్ళిచూపుల్లో పిల్లకి పద్దెనిమిదేళ్ళంటే "ఎవరు లెక్కేశారండీ?" అని అడిగి సంబంధం చెడగొట్టిన ఘనుడాయన. డాక్టరు జ్వరం నూటరెండంటే, ముందు ఆ థర్మామీటరుకి ఒంట్లో బాగుందా అని ఆరా తీశారు.

పంతొమ్మిదివందల ముప్పై నాలుగులో, యాభయ్యేళ్ళు నిండాక మళ్ళీ చదువు మొదలెట్టారు. ప్రతి శనివారం పడవెక్కి ఏలూరు వెళ్ళి, రిటైరైన కాలవల ఓవర్సీరు అబ్దుల్ మజీద్ గారి దగ్గర గ్రాఫులు గీయడం నేర్చుకున్నారు. అక్కడ తమ్మిలేరు ఎంత పొంగితే, ఇక్కడ కొల్లేరు ఎన్నాళ్ళకి ఎంత లేస్తుందో కాగితం మీద తేల్చే విద్య అది. కొత్తగా వచ్చిన విద్య ఊరుకోనిస్తుందా? అంగుళాల గుర్తులు చెక్కిన అయిదు వెదురు గెడలు ఊరి చుట్టూ నీళ్ళలో పాతారు. అందులో ఒకటి సరిగ్గా సువార్తమ్మ గుమ్మం ముందు.

సువార్తమ్మ గుండెల్లో రాయి పడింది. భర్త పోయాక ఆవిడకి మిగిలింది ఆ పాకా, అందులో గాదెడు ధాన్యమూ. నీళ్ళు తాకిన ఇళ్ళన్నీ సర్కారు పీకించేస్తుందని ఊళ్ళో పుకారు.

"ఈ కొలతలు ఎవరికండీ, మాస్టారూ?"

"నాకేనండీ."

"నమ్మమంటారా?"

"నమ్మకండి. నేనైతే నమ్మను."

అనుమానానికి ఇంతకంటే ఏం కావాలి? ఆనాటి నుంచి తెల్లారగానే ఆవిడ గెడను అంగుళం పైకి లాగేది. గెడ లేస్తే నీళ్ళు తగ్గినట్టు కనబడతాయి, ఏ దొర వచ్చి చూసినా ఇల్లు క్షేమం. మాస్టారు రోజూ వచ్చి అంకె చూసి, ఆవిడ మొహం చూసి, పుస్తకంలో రాసుకుని వెళ్ళేవారు. ఆ చూపు ఆవిడకి బొత్తిగా నచ్చలేదు.

మూడు వారాల తర్వాత, ఓ బుధవారం పొద్దున్నే ఆయన రెండు పడవలతో దిగారు.

"సర్దండమ్మా. రేపు మధ్యాహ్నానికి నీళ్ళు మీ గడప దాటతాయి."

"నా ఇల్లు ఖాళీ చేయించే ఎత్తా అండీ ఇది?"

"ధాన్యం బడిలో పెట్టుకుని తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోండి. నన్ను కూడా లోపలికి రానివ్వకండి."

ఆ మాటకి ఆవిడ మెత్తబడింది. అయినా తాళం రెండుసార్లు లాగి చూసుకుంది.

గురువారం రెండు గంటలకి కొల్లేరు ఆవిడ గడప దాటింది. బడి అరుగు మీద నిలబడి చూస్తూ సువార్తమ్మ ఏడ్చేసింది. ఒక్క గింజ తడవలేదు.

"అయిదు గెడలెందుకండీ, మాస్టారూ?"

"ఊళ్ళో అందరికంటే పల్లంలో ఉన్నది మీ ఇల్లేనండీ. మీ ముందున్న గెడ ఒక్కదాన్నే నమ్మలేక తక్కిన నాలుగూ పాతాను."

ఆవిడ తల దించుకుంది. "దాన్ని నేనే పైకి లాగేదాన్నండీ."

"తెలుసండీ. రోజుకి అంగుళం. ఆదివారం మాత్రం ముట్టుకునేవారు కాదు. అదీ కలిపే లెక్కేశాను."