నైరుతి బరువు

పోయిన వారం పంజాగుట్ట సిగ్నల్ దగ్గర, మెట్రో స్తంభాల నీడలో స్కూటర్ ఆపుకుని నిలబడి ఉంటే, నా పక్కకు ఒక జీపు వచ్చి ఆగింది. దాని వెనక కొక్కేనికి తగిలించిన తెల్లటి బండి ఇల్లు, క్యారవాన్ అంటారే అది. కొత్తది. కిటికీ అద్దాలకు అంటించిన ప్లాస్టిక్ కాగితం కూడా ఇంకా పూర్తిగా తీయలేదు. చుట్టూ ఉన్న ఆటోవాళ్ళూ బైకులవాళ్ళూ ముచ్చటపడి ఫొటోలు తీసుకుంటున్నారు. నేను మాత్రం ఈ వయసులో నడుం వంచి, దాని తోక ఎంత కిందికి దిగి ఉందో, ముందు కొక్కెం మీద బరువు పడుతోందో లేదో చూస్తున్నాను. జీపు నడుపుతున్నాయన అద్దం దించి, "ఏమైందండీ, టైరు పోయిందా?" అన్నాడు. "నీళ్ళ ట్యాంకు ఎక్కడ పెట్టించారు?" అని అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. ఇంతలో పచ్చ దీపం పడింది, వెనక బస్సువాడు హారన్ మీద చెయ్యి వేసి తీయలేదు, ఎవరి దారి వాళ్ళం పట్టాం. చెప్పవలసిన మాట చెప్పలేకపోయానని ఇంటికి చేరేదాకా గొణుక్కుంటూనే ఉన్నాను.

నాకు జీపు లేదు, కొనే ఉద్దేశమూ లేదు. ఎర్రమంజిల్ ఆఫీసులో ఫైళ్ళు మోసి రిటైరైన మనిషిని. బండి ఇళ్ళ గురించి నాకు తెలిసిందంతా మా బావ దగ్గర విన్నదే. బావ అదంతా మా అక్క కోసం నేర్చుకున్నాడు.

అక్క బడిలో భూగోళం చెప్పేది. గోడకు వేలాడే పటం మీద బెత్తం కొనతో గోదావరిని నాసిక్ నుంచి లాక్కొచ్చి, కాళేశ్వరం దగ్గర ఆపేదట. అక్కడ ప్రాణహిత వచ్చి కలుస్తుంది, రెండు నీళ్ళ రంగులూ కొంత దూరం విడివిడిగానే కనిపిస్తాయి అని పిల్లలకు చెప్పేది. ఎన్నేళ్ళు చెప్పిందో, తను మాత్రం ఒక్కసారీ పోలేదు. "చూడని దాన్ని చూసినట్టు చెప్పుడు నాకే సిగ్గయితదిరా. ఒక్కసారన్న పోవాలె," అనేది నాతో. సెలవులు వచ్చేవి, ఇంట్లో ఏదో పని పడేది, మళ్ళీ బడి తెరిచేవాళ్ళు. రిటైరయ్యాక తీరిగ్గా పోదాం అనుకున్నారు. వాళ్ళకు పిల్లలు లేరు, ఆపేవాళ్ళూ లేరు. సరిగ్గా అప్పుడే అక్కకు ప్రేగుల జబ్బు బయటపడింది.

ఆపరేషన్ అయ్యాక ప్రాణం నిలిచింది గానీ అరగంటకోసారి బాత్రూంకు పోవలసిన అవస్థ మిగిలింది. ఆ అరగంట కూడా ఒక్కోసారి ఆగనిచ్చేది కాదు. మంచి చీర కట్టుకుని నలుగురిలో నిలబడి పాఠం చెప్పిన మనిషికి అది ఎంత అవమానమో మగవాళ్ళకు చెప్పినా అర్థం కాదు. పెళ్ళిళ్ళకు పిలిస్తే మోకాళ్ళ నొప్పులని తప్పించుకునేది. మధురానగర్‌లో తన ఇల్లు, అమీర్‌పేటలో మా ఇల్లు, పంజాగుట్టలో ఆసుపత్రి. బాత్రూం ఎక్కడుందో తెలిసిన ఈ మూడు చోట్లే ఆమెకు హైదరాబాదు అయిపోయింది. ఒకరోజు మా ఇంట్లో చాయ్ తాగుతూ, "ఇగ నాకు కాళేశ్వరం లేదురా," అంది మామూలుగా, కూరలో ఉప్పు లేదన్నట్టు. రెండు రోజుల తర్వాత బావ నాకు ఫోన్ చేసి, "బామ్మర్దీ, ఆమె బయటికి రాలేకపోతుంటె, ఇల్లునే బయటికి తీస్కపోదాం," అన్నాడు.

బావ కరెంటు డిపార్టుమెంటులో ఇంజనీరుగా చేశాడు. ఏ పనైనా పట్టుకుంటే వదలడు, ఎదుటివాణ్ణీ వదలనివ్వడు. ఇంజనుతో సహా ఇల్లంతా ఒకే బండిగా ఉండే రకం మంచిదా, జీపు వెనక తగిలించి లాక్కుపోయే రకం మంచిదా అని మా ఇంట్లో జరిగినంత చర్చ అసెంబ్లీలో జరిగి ఉండదు. ఒకే బండి అయితే, ఇంజను చెడిపోతే ఇల్లు కూడా మెకానిక్ దగ్గరే పడి ఉంటుంది. తగిలించే రకమైతే ఇంటిని ఒకచోట ఆపి, జీపు విప్పుకుని డాక్టరు దగ్గరికి పోవచ్చు. అందుకని రెండోదే ఖాయం చేశాడు. జీపు ఎంత లాగుతుందో చూసి ఇల్లు కొనకూడదని నాకు పాఠంలా చెప్పేవాడు. "లాగుడు ఏ బండైనా లాగుతది. ఆపుడే పని. దిగుడులో ఆపగలిగినంతనే కట్టుకోవాలె," అనేవాడు. వెనక చక్రాలకు వేరే బ్రేకులు, కొక్కెం ఊడినా వదలకుండా గొలుసు, తలుపుల బయటికి చేతులు చాచినట్టుండే పెద్ద అద్దాలు, ఆపినప్పుడు చక్రాల కింద పెట్టే చెక్కలు, ఒక్కటీ మరిచిపోలేదు. నేను వింటూ మధ్యమధ్య ఆవలించేవాణ్ణి.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టింది బాత్రూం మీద. బాలానగర్‌లో బండి కట్టే షెడ్డుకు నన్నోసారి తీసుకుపోయాడు. నేను చాయ్ చెప్పి వచ్చేసరికి, గోడలైనా లేని ఆ చట్రంలో, కమోడు మీద ప్యాంటుతోనే కూర్చుని కళ్ళు మూసుకుని ఉన్నాడు. వెల్డింగు పనివాళ్ళు నవ్వు ఆపుకుంటున్నారు. మోకాలు గోడకు తగులుతుందా, లేచేటప్పుడు చెయ్యి ఎక్కడ పట్టు వెతుక్కుంటుంది అని చూస్తున్నాడట. సొరుగులా బయటి నుంచి లాగి శుభ్రం చేసే డబ్బా ఉన్న కమోడునే ఏరికోరి తెప్పించాడు. "తీసి పారబోసుడు నా పని. అది ఆమె కంట పడొద్దు," అన్నాడు. అప్పుడు నాకు నవ్వు పోయింది.

అంతా బాగానే జరుగుతుండగా నైరుతి వచ్చింది. ఎవరో తెలిసినవాళ్ళు ఒక వాస్తు చూసే ఆయన్ని మధురానగర్ ఇంటికి తీసుకొచ్చారు. ఇంటికి నైరుతి మూల సంపు తవ్వి ఉందనీ, అక్కడ గొయ్యి ఉంటే ఇల్లాలికి తీరని రోగమనీ ఆయన చెప్పిపోయాడు. వెనకటి అక్క అయితే అలాంటి మాటకు నవ్వేసి ఆయనకే దిక్కులు నేర్పి పంపేది. కానీ జబ్బు ఏళ్ళ తరబడి ఒంట్లో కూర్చున్నాక ఏ మాటైనా లోపలికి దిగుతుంది. సంపు పూడ్చడం కుదరదు, పక్క పోర్షన్‌వాళ్ళకూ నీళ్ళు దానిలోంచే. "ఈ ఇంటికెట్లనో అయింది. ఆ చక్రాల ఇంటికన్న నైరుతి బరువుండాలె," అని పట్టుబట్టింది.

నాకు ఒళ్ళు మండింది. నడిచే ఇంటికి నైరుతి ఏమిటి, సికింద్రాబాదులో రెండు మలుపులు తిరిగితే నైరుతి పోయి ఈశాన్యం అవుతుంది కదా అన్నాను. అక్క దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. "నిలబెట్టినప్పుడు ఎటు మొఖం ఉంటదో అదే లెక్క. జీపు తగిలించే కొస తూర్పుకు జేసి నిలబెడ్తం," అంది. తూర్పు ముఖంగా నిలబెడితే నైరుతి మూల బండికి తోక దగ్గర, కుడి పక్కన పడుతుంది. శాస్త్ర ప్రకారం పైన పెట్టే నీళ్ళ ట్యాంకు అక్కడే, ఇనుప బీరువా అక్కడే. బాత్రూం వాయవ్యంలో, అంటే అదీ తోకలోనే. తేలికపాటి పొయ్యి ఒక్కటి ముందుకు, ఆగ్నేయానికి పోయింది. బండి లాగేవాళ్ళకు మొదటి పాఠం బరువు చక్రాలకు ముందు ఉండాలని. మొత్తం బరువులో పదోవంతు పైనే కొక్కెం మీద కూర్చోవాలి. తోక బరువెక్కితే బండి ఊగుతుంది. ఈ సంగతి నాకు చెప్పింది బావే. ఆ బావే షెడ్డులో నిలబడి ట్యాంకును వెనక్కి మార్పించాడు. నేను నిలదీస్తే, "తెలుసు బామ్మర్దీ. కని ఆమె ఇన్నేండ్లకు నన్ను ఒక్కటే అడిగింది. నిదానంగ పోదాం, ఏం గాదు," అన్నాడు.

బోనాల రద్దీ తగ్గాక ఒక మంచిరోజు చూసి బల్కంపేట ఎల్లమ్మ గుడి దగ్గర బండికి పూజ చేయించారు. గుమ్మడికాయ కొట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. తెల్లవారగానే బయలుదేరాం. బండి నడుస్తుండగా వెనక ఇంట్లో మనుషులు కూర్చోకూడదు గనుక అక్క జీపులో ముందు సీట్లో, నేను వెనక. అరగంటకోసారి బావ రోడ్డు పక్కకు తీసి ఆపేవాడు. అక్క దిగి, తన ఇంటి తలుపు తాళం తానే తీసుకుని లోపలికి పోయి వచ్చేది. రెండోసారి వచ్చి కూర్చున్నాక కొంగుతో ముఖం తుడుచుకుని, "మహారాణి లెక్కున్నది నా పని," అంది. ఆమె అలా నవ్వగా చూసి ఎంత కాలమైందో. శామీర్‌పేట దాకా నేను కూడా నైరుతి మాట మరిచిపోయాను.

శామీర్‌పేట దాటాక రోడ్డు కొంచెం వాలుగా దిగుతుంది. మమ్మల్ని దాటి ఒక లారీ పోయింది. దాని గాలికి వెనక బండి ఒకసారి కుడికి ఊగింది. తర్వాత ఎడమకు. తర్వాత మరింత కుడికి. జీపు వెనక భాగాన్ని ఎవరో చేత్తో పట్టుకుని ఈడుస్తున్నట్టు ఉంది. వెనక అలమారాలో గిన్నెలన్నీ కిందపడిన చప్పుడు వినిపించింది. బావ చేయవలసిందే చేశాడు. బ్రేకు తొక్కలేదు, ఆక్సిలరేటర్ మీంచి కాలు తీసేశాడు, స్టీరింగును తిప్పకుండా బిగించి పట్టుకున్నాడు. బండి కాసేపు ఊగి, నెమ్మదించి, రోడ్డు అంచున ఆగింది. ఎవరికీ గీత కూడా పడలేదు. కానీ ఆ భయంలో, ఇన్నేళ్ళుగా దేనికి భయపడి అక్క ఇల్లు కదల్లేదో అది ఆ సీట్లోనే, తమ్ముడి ముందరే జరిగిపోయింది.

నేను దిగి దూరంగా పోయి, వచ్చే లారీలను చూస్తూ నిలబడ్డాను. బావ ఆమెను మెల్లగా వెనక ఇంట్లోకి తీసుకుపోయాడు. నీళ్ళ చప్పుడు చాలాసేపు వినిపించింది. బయటికి వచ్చాక అక్క నా వైపు చూడకుండా, "ఇంటికి పోదాం," అంది. ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ ఏడుపొస్తుంది. సామాను ముందుకు సర్దుకుని, ట్యాంకు ఖాళీ చేసి, ఎద్దుబండిలా నడుపుకుంటూ వెనక్కి వచ్చాం.

తర్వాత బావ బండిని మళ్ళీ షెడ్డుకు తోలాడు. ట్యాంకు తోక నుంచి చక్రాల మీదికి జరిగి, బండి లోపలి నేలకు దిగింది. బీరువా మధురానగర్ ఇంట్లోకి వచ్చింది. ఇసుక మూటలు ముందూ వెనకా మార్చి మార్చి వేసి, ఔటర్ రింగ్ రోడ్డు పక్క దారిలో నన్ను కూర్చోబెట్టుకుని తిప్పాడు. ఈసారి బండి గీత గీసినట్టు వచ్చింది. మరి నైరుతి సంగతి అని నేను అక్కను అడిగితే, "మీకు ఎట్ల బాగుంటె అట్ల జేయుండ్రి," అంది బావతో. ఆమె వాదించకపోవడమే నాకు దిగులు పుట్టించింది. బండి సిద్ధమయ్యేసరికి ఆమె కూర్చోలేని స్థితికి వచ్చింది. డాక్టరు ప్రయాణం మాట ఎత్తవద్దన్నాడు.

అప్పటి నుంచి ఆ బండి మధురానగర్ సందులో నిలిచి ఉండేది. చుట్టుపక్కల హాస్టళ్ళవాళ్ళు దాని బంపర్ మీద టీ గ్లాసులు పెట్టుకునేవాళ్ళు. మధ్యాహ్నాలు బావ అక్కను చేతుల మీద తెచ్చి అందులో పడుకోబెట్టి, పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవాడు. "ఇయ్యాల ఏడిదాంక వచ్చినం?" అని అడిగేది అక్క. బావ కాళేశ్వరం దారిలోని ఊళ్ళ పేర్లు చెప్పేవాడు. ఒకరోజు నేను అక్కడుండగా ఆయన కరీంనగర్ తర్వాత పెద్దపల్లి అన్నాడు. అక్క కళ్ళు మూసుకునే, "నడుమ సుల్తానాబాద్ ఏమాయె?" అంది. టీచరు కదా. అలా నడిచి నడిచి మంథని చేరారు. అక్కడ నుంచి కాళేశ్వరం ఎంతో దూరం లేదు. కానీ బావ ఎప్పుడు బయలుదేరదామన్నా అక్క, "ఇయ్యాలకు ఈడనే ఆగుదాం," అనేది. చాలా మధ్యాహ్నాలు వాళ్ళు మంథనిలోనే ఉన్నారు. ఆ లెక్కలో ఆమె ఇంకా మంథనిలోనే ఉండగా, పంజాగుట్ట ఆసుపత్రిలో ప్రాణం పోయింది.

అస్థికలు కాళేశ్వరంలోనే కలపాలని బావ అన్నాడు. ఇద్దరం జీపులో పోతే సరిపోయేది. ఆయన వెనక బండి తగిలించాడు. ఎర్రగుడ్డ కట్టిన కుండను ముందు సీట్లో పెట్టి బెల్టు వేశాడు, నేను వెనక కూర్చున్నాను. శామీర్‌పేట వాలు మీద లారీలు దాటిపోతున్నా బండి ఇసుమంతైనా ఊగలేదు. అంత చక్కగా నడుస్తున్నందుకు నాకు దాని మీదే కోపం వచ్చింది. బావ అరగంటకోసారి రోడ్డు పక్కకు తీసి ఆపాడు. దిగి, వెనక ఇంటి తలుపు తెరిచి, కాసేపు పట్టుకుని నిలబడి, మళ్ళీ వేసి వచ్చి కూర్చునేవాడు. కాళేశ్వరం దాకా అలాగే ఆపుకుంటూ పోయాం. నది దగ్గర నీళ్ళు రెండు రంగుల్లోనే ఉన్నాయి, అక్క చెప్పినట్టే. బండి సరిచేసుకోవడానికి మాకు కావలసినంత కాలం దొరికిందని అన్నాళ్ళూ అనుకున్నాను. మేము వాడుకున్న కాలమంతా అక్కదని ఆ ఒడ్డున నిలబడ్డాక తెలిసింది.