తేట నీళ్ళ గ్లాసు

బరంపురంలో పుణ్యవతి చేతి అప్పడమంటే ఒక మర్యాద. లంజిపల్లి పేటలో తెలుగువాళ్ళకి ఆవిడ పుణ్యవతమ్మ, ఒడియావాళ్ళకి మావుసి, అంటే పిన్ని. పెళ్ళి ఎవరింట్లో జరిగినా అప్పడాలు మాత్రం ఆవిడవే. భర్త పోయాక ఆ అప్పడాలమీదే కొడుకుని చదివించింది, లారీ ఆఫీసులో గుమాస్తాని చేసింది, వాసవీకుమారిని కోడలిగా తెచ్చుకుంది. నోరు కాస్త పెద్దదే. అప్పడం చిట్లిందని ఎవరైనా అన్నారా, ఇక ఆ పూటకి వాళ్ళ పని అయిపోయిందన్నమాటే!

అసలు కిటుకంతా నీళ్ళలో ఉంది. అప్పడాల సోడా నీళ్ళలో మరిగించి, మడ్డి అడుక్కి దిగాక, పైన తేరిన తేటతో మినప్పిండి కలుపుతుంది. చూడ్డానికి మంచినీళ్ళే. వేలు ముంచితే మాత్రం మంటెత్తిపోతుంది. ఆ తేటని ఆవిడ కొలిచేది ఇంటిల్లిపాదీ మంచినీళ్ళు తాగే స్టీలు గ్లాసుతోనే. ఏళ్ళ తరబడి అదే గ్లాసు, ఏనాడూ ఏమీ కాలేదు. కాలేదు కాబట్టే ఎవరికీ భయం లేదు.

ఫైలిన్ తుఫాను తర్వాతి వేసవి. గ్లాసు నిండా తేట పోసి, అరుగుమీద పెట్టి, పిండి తేవడానికి లోపలికి వెళ్ళింది. ఎండలో ఆడి వచ్చిన నాలుగేళ్ళ మనవడు కొండబాబు గ్లాసెత్తి రెండు గుక్కలు మింగేశాడు. మూడో గుక్కకి వాడు పెట్టిన కేక వీధి చివరిదాకా వినిపించింది.

పుణ్యవతి లోపల్నుంచి పరుగెత్తుకొచ్చింది. చేతులు ముడుచుకు కూర్చునే మనిషా! సోడాని పులుపు విరిచేస్తుందని ఆవిడ నమ్మకం. చింతపండు చిక్కగా పిసికి, పిల్లాణ్ణి ఒళ్ళో అదిమిపెట్టి పట్టించింది.

"తాగరా నా బాబే! ఇది తాగితే మంట పోతాది. మామ్మ సెప్తంది కదా!"

వాడు తాగాడు. మామ్మ చెప్పింది కదా మరి. ఆపైన గొంతులో వేలు పెట్టి అంతా కక్కించింది. సోడా దిగేటప్పుడు కాల్చింది, పైకొచ్చేటప్పుడు మళ్ళీ కాల్చింది. ఆ సంగతి అప్పుడక్కడ ఒక్కరికీ తెలియదు.

ఊళ్ళో ఆస్పత్రివాళ్ళు సెలైన్ ఎక్కించి, కొన్నాళ్ళుంచుకుని పంపించారు. పిల్లాడు బాగున్నా సరే, మూడు వారాలకి మళ్ళీ తీసుకురమ్మని గట్టిగా చెప్పారు. ఈలోగా వీధంతా పుణ్యవతిని మెచ్చుకుంది.

"సమయానికి కక్కించినావు గానీ, లేకపోతే పిల్లోడు దక్కునా!" అంది పక్కింటి అచ్చమ్మ.

కొండబాబు ఇడ్లీ తిన్నాడు, పెరుగన్నం తిన్నాడు. హమ్మయ్య, పీడ విరగడైందనుకున్నారు.

"ఓపాలి సూపించేద్దాం అత్తా, డాక్టరుగోరు రమ్మన్నారు గదా," అంది వాసవి.

"నిక్షేపంలా తింతన్నోడికి ఆస్పత్రి ఏటికే? నోరు మూసుకో," అంది పుణ్యవతి.

పీడ ఎక్కడికీ పోలేదు, లోపలే కూర్చుంది. మొదట అన్నం ఆగిపోయింది. ముద్ద నమిలి నమిలి ఉమ్మేసేవాడు. మారాం చేస్తున్నాడంది మామ్మ. తర్వాత ఇడ్లీ ఆగింది. ఆ తర్వాత పాలు కూడా ముక్కులోంచి తిరిగొచ్చాయి. చివరికి తన ఉమ్మి తనే మింగలేక, నోటికి తుండుగుడ్డ అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు పరుగెత్తారు విశాఖపట్నం, పిల్లల కడుపు జబ్బులు మాత్రమే చూసే డాక్టరమ్మ దగ్గరికి.

ఆవిడ అంతా విని, "వాంతి చేయించారా?" అని అడిగింది.

"సేయించినాను తల్లీ, ఎంటనే!" గర్వంగానే చెప్పింది పుణ్యవతి.

డాక్టరమ్మ మెల్లగా, తిట్టకుండానే చెప్పింది. పైకొచ్చిన సోడా అన్నం దిగే గొట్టాన్ని రెండోసారి కాల్చిందనీ, పుండు మానుతూ గొట్టం ముడుచుకుపోయిందనీ. వాసవి అత్తవైపు చూడలేదు. ఎవరైనా నాలుగు తిట్లు తిట్టినా బాగుండుననిపించింది పుణ్యవతికి.

పిల్లాడికి మత్తిచ్చి, నోట్లోంచి సన్నటి కెమెరా గొట్టం దింపి, ముడుచుకున్నచోట చిన్న బుడగ ఊది దారి వెడల్పు చేశారు.

"దారైతే తెరిచాం. ఇలా ఇంకా చాలాసార్లు చెయ్యాలి," అంది డాక్టరమ్మ. "వాడు ఎండిపోయి ఉన్నాడు. నోటితో తాగితే సరే. తాగకపోతే పొట్టకి చిల్లుపెట్టి, గొట్టంలోంచి పాలు పొయ్యాలి. సాయంత్రందాకా చూస్తాను."

తల్లి నీళ్ళు పట్టింది, నర్సు పట్టింది. వాడు పెదవులు విప్పలేదు. చివరికి పుణ్యవతి గ్లాసుతో మంచంమీద కూర్చుంది. అదీ స్టీలు గ్లాసే.

"తాగరా నా బాబే."

"ముందు నువ్వు తాగు."

తాగింది. వాడు ఆవిడ గొంతువంకే చూస్తూ కూర్చున్నాడు, ఎప్పుడు కేక పెడుతుందా అన్నట్టు. ఆవిడ కేక పెట్టలేదు, నవ్వబోయింది.

"సూసినావా, ఏటీ అవలేదు! తాగితే మంట పోతాది నాన్నా. మామ్మ సెప్తంది కదా!"

"అప్పుడూ అలాగే సెప్పినావు," అన్నాడు కొండబాబు.

అని, పెదవులు మళ్ళీ బిగించేశాడు. కిటికీలో ఎండ అప్పటికే పసుపుపచ్చగా వాలిపోతోంది.