మాడుతున్న అన్నం పాట

గల్ఫ్‌లో, సీబ్ అనే ఊళ్లో కొత్త విల్లాలు లేస్తున్న డెబ్బై ఆరులో పెద్దులు అక్కడ షట్టరింగ్ పని చేసేవాడు. జగిత్యాల దగ్గరి మనిషి. శుక్రవారం వస్తే ఢోలక్ ముందేసుకునేవాడు. పాట, హార్మోనియం రెండూ కంపెనీ డ్రైవర్ వజీర్‌వి. అతనిది హైదరాబాద్.

సమాయిల్‌లో యజమాని కొడుకు పెళ్లికి ఇద్దరినీ పాడమన్నారు. తీరా బయలుదేరబోతుంటే హార్మోనియం తిత్తి చిరిగింది.

"ఫికర్ చెయ్యకు పెద్దులూ. మన రూమ్‌ల పట్టిన క్యాసెట్ ఉంది కదా. టేప్‌రికార్డర్ దుప్పటి కింద పెడతా. అది పాడుతది, మనం చేతులాడిద్దాం" అన్నాడు వజీర్.

"దొరికితే?"

"పాట వింటరా, దుప్పటి ఎత్తి చూస్తరా?"

పెళ్లిలో పాట బ్రహ్మాండంగా సాగింది. పెద్దులు ఢోలక్‌కు తగలకుండా చేతులాడిస్తున్నాడు. ఉన్నట్టుండి దుప్పటి కిందనుంచి అతని గొంతే అరిచింది.

"అన్నం మాడుతాంది, దించుండ్రా!"

రికార్డు చేసిననాడు పొయ్యి మీదున్న గిన్నె అప్పుడు గుర్తొచ్చింది పెద్దులుకు. తానే అరిచినట్టు గబుక్కున నోరు తెరిచాడు గానీ, అప్పటికే ఆలస్యమైంది.

తెలుగు రాని అతిథులు మాత్రం "దించుండ్రా!" అని చప్పట్లతో అందుకున్నారు. యజమాని అర్థమడిగితే వజీర్ తొణక్కుండా, "కొత్త జంటకు దీవెన" అన్నాడు.

ఇక చూసుకోండి, ఆ దీవెన లేనిదే పెళ్లి లేదు. హార్మోనియం బాగైనా ఎవరికీ అక్కర్లేకపోయింది. ఒకచోట పెద్దులు పట్టుబట్టి స్వయంగా అరిచాడు. పెళ్లికొడుకు తండ్రి మొహం చిట్లించి, "ఇతను వద్దు, మొన్నటాయన్ని తీసుకురండి" అన్నాడు. పెద్దులుకు తన గొంతు మీద తనకే కుళ్లు పుట్టింది.

ఆ తర్వాత దార్సైట్‌లో ఒక తెలుగువాళ్లింట్లో తొట్టెల పండుగకు పిలుపొచ్చింది.

"వజీర్ భాయ్, ఈడ మనోళ్లున్నరు. మన ఇజ్జత్ పోతది."

వజీర్ వినలేదు. మీట నొక్కేశాడు. గొంతు అరవగానే బాలింత తల్లి శాంతవ్వ ఎగిరిపడి వంటింట్లోకి ఉరికింది. అక్కడ నిజంగానే అన్నం అడుగంటుతోంది.

గరిటెతో బయటికొచ్చి, "ఎవలయ్యా ఒర్లింది?" అంది.

"నేనే అవ్వా" అన్నాడు పెద్దులు, బెరుగ్గా.

"ఎంత మంచి ముక్కు బిడ్డా నీది! లే, ముందుగాల నువ్వే తిను."

వద్దంటున్నా లాక్కెళ్లి విస్తరి ముందు కూర్చోబెట్టింది. పెద్దులు పప్పన్నం కలుపుకుంటుంటే గదిలో దుప్పటి కింద అతని ఢోలక్ హాయిగా మోగుతూనే ఉంది. వజీర్ నోరు కదుపుతూ కళ్లతోనే బూతులు తిడుతున్నాడు. పెద్దులు తలెత్తలేదు. ఇంకొంచెం నెయ్యి వేయమన్నాడు.