మట్టిలో కాసే కాయ

ఏసమ్మ మహారాష్ట్రలోని భివండీలో ఒక బడి పిల్లలకు ఖిచిడీ వండబట్టి పదకొండేళ్లు. కోరుట్ల దిక్కు పల్లె నుంచి పెళ్లై భివండీ వచ్చినప్పుడు ఆమెకు పంతొమ్మిది. భర్త శామ్యూల్ నాగావ్‌లో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాడు, కాపురమేమో కనేరిలో ఒక్క గది. వచ్చిన కొత్తలో ఆమెను ఏడిపించింది సాంచాల చప్పుడు కాదు, కాలికి మట్టి అంటకపోవడం. పుట్టింటి చెలకలో అమ్మ వెంట పల్లికాయ పీకిన పిల్ల ఆమె. ఇక్కడ గడప దిగితే సిమెంటు, దాని మీద పత్తి నూగు. ముప్పై ఏళ్లు ఎట్లనో గడిచిపోయాయి.

కిందటేడు జూన్‌లో బడి తెరిచిన కొత్తలో, నాలుగో తరగతి సాక్షి పళ్లెంలోని పల్లీ గింజను ఎత్తి చూపించింది.

"అవ్వా, ఇది ఏ చెట్టుకు కాస్తది? మామిడంత పెద్దగుంటదా?"

ఏసమ్మకు నవ్వొచ్చింది. ఆ వెంటనే మనసు చివుక్కుమంది. ఇది నోటితో చెప్పేది కాదు, చూపించాల్సిందే అనుకొని స్వప్నిల్ సార్ దగ్గరికి పోయింది. ఆయనకు తోటపని తెలియదు గానీ పిల్లలంటే ప్రాణం. ధామన్కర్ నాకా కూడలి అవతల పునాదికి తవ్విపోసిన ఎర్రమట్టిని అడిగి టెంపోలో తెప్పించాడు. వంటగది వెనక మంచమంత మడి తయారైంది. ఏసమ్మ చూపించినట్టే పిల్లలు రెండు వేళ్ల లోతున గింజలు పెట్టారు.

పది రోజులైనా ఒక్కటీ మొలవలేదు. మట్టి గీకి చూస్తే గింజలన్నీ చితికిపోయి ఉన్నాయి. సాక్షి తల వంచుకొని నిలబడింది. రోజూ తవ్వి చూసి మళ్లీ కప్పుతోందట.

"గట్ల తవ్వితె ఎట్ల మొలుస్తది బిడ్డా?"

"మరి లోపల మర్ గయా ఏమో, ఎట్ల తెలుస్తది అవ్వా?"

ఏసమ్మకు కోపం రాలేదు. ఆ వయసులో తనూ అదే పని చేసి అమ్మ చేతి దెబ్బ తిన్నది. మళ్లీ గింజలు పెట్టించి, ఈసారి సాక్షినే కావలి ఉంచింది.

మొలకలొచ్చాయి. పసుప్పచ్చని పూలు పూశాయి. పిల్లలు కొమ్మకొమ్మా లేపి వెతికారు, కాయ కనబడలేదు. పూలు కాస్తా వాడిపోయాయి. "ఝూట్ చెప్పినవ్ అవ్వా!" అని అలిగి, ఒక్కొక్కరే మడి దిక్కు రావడం మానేశారు. సాక్షి మాత్రం వచ్చి ఆకుల మీద పడిన నూగును తడిబట్టతో తుడిచేది. అసలు సంగతి ఏసమ్మ నాలుక చివరిదాకా వచ్చేది. ఆపుకొనేది.

దివాలీ సెలవులకు ముందురోజు అందరినీ పిలిచి, సాక్షి చేత ఒక చెట్టు మొదలు పట్టించింది.

"లాగు. మెల్లగ, గట్టిగ."

మట్టి విడిచి చెట్టు పైకి లేచింది. కింద గుత్తులు గుత్తులుగా కాయలు. బడంతా అదిరేలా పిల్లల కేకలు. "జమీన్ కే అందర్ ఉన్నయి!"

"ఇవి వేర్లు గావు, ఊడలు," ఏసమ్మ వేలు పెట్టి చూపించింది. "పువ్వు వాడినంక ఊడ భూమిలకు దిగుతది. దాని కొసకు కాయ పడతది."

పచ్చి మట్టి వాసన తగిలేసరికి ఆమెకు పుట్టింటి చెలక కళ్ల ముందు మెదిలింది. కొంగు నడుముకు చెక్కుకొని సాళ్ల వెంట పోతున్న అమ్మ, గట్టు మీద కుండలో ఉడుకుతున్న కాయలు, వాటి మీద వాలబోయే కాకిని తోలుతున్న తాను. ఇంత ఉప్పేసి ఆ పూట ఖిచిడీ గిన్నెలోనే కాయలు ఉడకబెట్టింది. తలా నాలుగు వచ్చాయి. సార్ పొట్టు కూడా నాకాడు.

తన వంతు నాలుగూ కొంగున కట్టుకొని ఇంటికి తెచ్చింది. శామ్యూల్ ఒకటి ఒలిచి నోట్లో వేసుకొని ఎక్కడివన్నాడు. ఆమె బడి సంగతితో మొదలుపెట్టి అమ్మ దగ్గరికి, చెలక దగ్గరికి పోయింది. చాయ్ చల్లారిపోయింది.

"ఇన్నేండ్లల్ల ఇదంత ఒక్కనాడన్న చెప్పకపోతివేందే?" అన్నాడు.

"నువ్వు అడుగుతివా?" అని నవ్వింది ఏసమ్మ, ఇంకో కాయ ఒలుస్తూ.